అరవై రెండు బల్లల ఎత్తు

పదకొండేళ్ళు నేను ముఫీదా వెనక మిషన్ మీద కుట్టాను. అందుకని ఆమె ముఖం కంటే వీపు నాకు బాగా గుర్తు. పొడుగు మనిషి. మా హాలులో ఆమెకంటే పొడుగు ఒక్క మెకానిక్కే. కుట్టేటప్పుడు మెడ ముందుకు వాల్చి, భుజాలు దగ్గరకు లాక్కుని, బావిలోకి తొంగి చూస్తున్నట్టు కూర్చునేది. చేరిన కొత్తలో నిటారుగానే కూర్చునేదట. నేను వచ్చేసరికే వీపు వంగింది. ఏటేటా ఇంకాస్త వంగడం రోజూ నా కళ్ళముందే జరిగింది. చూశాను కానీ, చూస్తున్నానని నాకు తెలియలేదు.

మొక్నీన్ ఊరి చివర, ఉప్పు చెరువుకు వెళ్ళే దారిలో నీలం గేటు ఉన్న ఫ్యాక్టరీ మాది. పనివాళ్ళు వేసుకునే ప్యాంట్లు కుట్టి సముద్రం అవతలికి పంపేవాళ్ళం. బట్ట గోనెలా గట్టిది. ఆ ప్యాంట్లకు మోకాళ్ళ దగ్గర రెండు పొరల జేబు ఉంటుంది. నేల మీద పలకలు పరిచే మేస్త్రీలు అందులో మెత్త పెట్టుకుంటారు, మోకాళ్ళు అరిగిపోకుండా. ముఫీదా కుట్టేది ఆ మోకాలి జేబులే. ఆమె కుట్టిన ముక్కలు వెనక్కి, నా బల్ల మీదికి వచ్చేవి. నేను పక్క కుట్లు వేసేదాన్ని.

హాలులో అరవై రెండు మందిమి. అరవై రెండు బల్లలూ ఒకే ఎత్తు, స్టూళ్ళూ ఒకే ఎత్తు. నేను పొట్టిదాన్ని. పెడల్ అందాలంటే స్టూలు అంచుకు జరిగి, కాలి వేళ్ళు చాచి తొక్కాలి. చేతులేమో చంకలదాకా పైకి లేపి కుట్టాలి. ముఫీదాకు బల్ల మోకాళ్ళకు తగిలేది, నాకు గడ్డం కిందికి వచ్చేది. ఎవరి తిప్పలు వాళ్ళవి అనుకున్నాం. సాయంత్రం బస్సులో అందరం మెడలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. అది వయసో, గాలి మార్పో, దిష్టో అని మాట్లాడుకునేవాళ్ళం.

మా దేశంలో విప్లవం వచ్చి పాత అధ్యక్షుడు పారిపోయిన మరుసటి ఏడాది, వసంతంలో, ఒక ఉదయం టీ విరామంలో ముఫీదా చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. వేడి టీ ఆమె చెప్పుల మీద పడింది. ఆమె కాళ్ళ వంక చూసుకోలేదు. కుడిచెయ్యి ముఖం ముందు పెట్టుకుని వేళ్ళు కదుపుతూ నిలబడింది.

"ఏంటక్కా, కాలిందా?" అన్నాను.

"కాలు కాదే. గ్లాసు ఎప్పుడు జారిందో నాకు తెలీలేదు."

"తిమ్మిరెక్కిందేమో. విదిలించు, పోతుంది."

"రెణ్ణెల్లుగా విదిలిస్తున్నా వసీలా. పొద్దున్నే దువ్వెన పట్టుకోలేకపోతున్నా. నా కూతురు దువ్వి జడేస్తోంది నాకు."

అది చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఇంటినుంచి ఒక దిండు తెచ్చుకుంది. నడుముకి కాస్త సుఖమని స్టూలు మీద వేసుకుని ఒక గంట కుట్టిందో లేదో, సూపర్‌వైజర్ రవూఫ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళ కుర్రాడు. అయినా 'సీ రవూఫ్' అనే పిలవాలి, మా వైపు 'సీ' అంటే 'గారు'. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుండేది. చెడ్డవాడని నేను అనను. పైనుంచి ఏం చెబితే అది కిందికి చెప్పేవాడు, అంతే.

"ఇదేంటి, ఇల్లనుకున్నావా? తియ్యి దాన్ని," అన్నాడు.

"దిండేగా సీ రవూఫ్. కుడుతూనే ఉన్నాగా."

"ఇవాళ దిండు తెస్తావు, రేపు దుప్పటి తెస్తావు. బయటివాళ్ళు చూడ్డానికొస్తే వరసంతా ఒక్కలా ఉండాలి. యజమాని లుత్ఫీగారి మాట అది, నాది కాదు."

దిండు తీసుకుపోయి తన గదిలో పెట్టాడు. సాయంత్రం బస్సు ఎక్కేముందు ముఫీదా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడో ముక్కూ మొహం తెలియని వాడి మోకాలు నొప్పెట్టకూడదని జేబు కుడుతున్నా. పదిహేడేళ్ళయింది. వాడి మోకాలు గురించి ఎవడో కూర్చుని ఆలోచించాడు చూడు. బొమ్మ గీశాడు, కొలతలు తీశాడు. మన గురించి ఒక్కడైనా ఆలోచించాడా?"

"ఎవరు ఆలోచిస్తారక్కా?"

"మనమే. ఇంకెవరున్నారు?"

ఆదివారం నన్ను వాళ్ళ నాన్న దగ్గరకు తీసుకెళ్ళింది. హమ్మాది బాబాయ్ కుమ్మరి. మా ఊళ్ళో కుమ్మరుల గదులు సగం భూమిలో ఉంటాయి. మెట్లు దిగి వెళ్ళాలి. ఆయన గోతిలో కూర్చుని, కాలితో సారె తన్నుతూ, మరుసటి వారానికి నూనె జాడీలు తీస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. వీపు గోడకు ఆనించి, మోచేతులు తొడల మీద మోపి, తలుపు దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునేవాడిలా ఉన్నాడు. మేం వెళ్ళి పక్కన నిలబడినా సారె ఆపలేదు.

ముఫీదా చెయ్యి చూపించింది. ఆయన తడి మట్టి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు కూర్చునే చోటు ఎవరు కట్టారు?" అని అడిగాడు.

"ఎవరూ కట్టలేదు నాన్నా. ఫ్యాక్టరీది. అలాగే వచ్చింది."

"అలాగే వచ్చిందంటే? నీ కాలు కొలవలేదా?"

"అరవై రెండు మందికి ఎవడు కొలుస్తాడు?"

బాబాయ్ సారె ఆపాడు. నాకు తెలిసి ఆయన పని మధ్యలో ఆపడం అదే మొదటిసారి.

"ఈ గొయ్యి నా కాలికి తవ్వింది. ఈ పలక నా పిరుదుకి చెక్కింది. మీ పెదనాన్న ఇక్కడ కూర్చుంటే మధ్యాహ్నానికల్లా మూలిగేవాడు. ఆయన గొయ్యి పక్కన ఉంది, చూడండి, జానెడు లోతెక్కువ. అరవయ్యేళ్ళుగా తన్నుతున్నా ఈ సారెని. నాకు నడుం నొప్పి ఉందా? లేదు. నేనేం వస్తాదునా? లేదు. కూర్చునే చోటు నాది కాబట్టి."

తర్వాత ఆయన ఒక తాడు తెచ్చాడు. ముఫీదాను అరుగు మీద కూర్చోబెట్టి, భుజాలు వదిలేయమన్నాడు. "వదులు. ఇంకా వదులు. ఎవరినైనా కొట్టబోతున్నావా ఏంటి, అలా బిగబట్టావు?" అన్నాడు. మోచెయ్యి వంచి, అక్కడినుంచి నేలదాకా తాడు చాచి ముడి వేశాడు. నాకూ వేశాడు. రెండు ముడులూ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింటికీ మధ్య బెత్తెడు తేడా ఉంది.

"ఒకే బల్ల మీద మీ ఇద్దరూ ఎలా కుడుతున్నారమ్మా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

సోమవారం ముఫీదా రొట్టె సంచిలో ఒక పానా తెచ్చింది. అప్పుడే నాకు తెలిసిన సంగతి ఒకటుంది. మా బల్లల కాళ్ళకు బోల్టులున్నాయి. అవి వదులు చేస్తే కాళ్ళు పొడుగవుతాయి, పొట్టివవుతాయి. పదకొండేళ్ళుగా నా మోకాలికి గుచ్చుకుంటున్న ఆ బోల్టు ఎందుకుందో నేనెన్నడూ అడగలేదు. మిషన్ తయారుచేసినవాడు మనుషులు రకరకాలుగా ఉంటారని అనుకున్నాడు. కొనుక్కొచ్చినవాళ్ళు ఆ మాట మర్చిపోయారు. తుప్పు పట్టి, రంగు పూసేసి, అది తిరుగుతుందని కూడా తెలియకుండా పోయింది.

విరామంలో ఆమె నేల మీద కూర్చుని, ఆలివ్ నూనె చుక్కలు వేసి, నాలుగు బోల్టులూ తిప్పింది. నేను ఒక పక్క ఎత్తి పట్టుకున్నాను. బల్ల బెత్తెడు పైకి లేచింది. వెనక కాళ్ళు ఇంకొంచెం ఎక్కువ లేపి, బల్లను తనవైపు ఓ పిసరు వాల్చుకుంది. కూర్చుని ఒక జేబు కుట్టింది. నేను వెనకనుంచి చూస్తున్నాను. ఆ వీపు నిటారుగా ఉంటే ఎవరిదో కొత్త మనిషిది అనిపించింది.

రవూఫ్ గంటలోపే పట్టేశాడు. వరసలో ఒక్క బల్ల తలెత్తి నిలబడితే కనబడదా? మెకానిక్‌ను పిలిచి దింపించాడు. మర్నాడు ఆమె మళ్ళీ ఎత్తింది. ఆయన మళ్ళీ దింపించాడు. తొమ్మిది రోజులు ఇదే వరస. ఉదయం టీకి ఎత్తడం, మధ్యాహ్నం భోజనానికి దింపడం. ఆఖరికి మెకానిక్కే విసిగిపోయి, "అమ్మా, పానా నాకిచ్చెయ్యి, ఇద్దరం మాట్లాడుకుని ఏదో ఒక ఎత్తు ఖాయం చేసుకుందాం," అన్నాడు. హాలంతా నవ్వింది. రవూఫ్ మెడ ఎర్రబడింది.

పదో రోజున ముఫీదాను ఆఫీసు గదికి రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. హెచ్చరిక కాగితం ఇచ్చాడు. 'ఫ్యాక్టరీ సామగ్రికి ఉద్దేశపూర్వకంగా నష్టం కలిగించినందుకు' అని ఉంది.

"సంతకం పెట్టు," అన్నాడు రవూఫ్.

ముఫీదా మొత్తం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. "నష్టం ఎక్కడ? చూపించు."

"అదంతా మామూలుగా రాసే మాటే. పెట్టెయ్యి, పోతుంది."

"జరిగింది రాయి, పెడతాను. 'కుడిచేతికి తిమ్మిరి వస్తోందని, బల్ల తన ఎత్తుకు సరిచేసుకుంది' అని రాయి. ఇక్కడే, ఇప్పుడే సంతకం పెడతా."

"అలా రాస్తే అది హెచ్చరిక ఎలా అవుతుంది?"

"అవదు కదా? నేనూ అదే అంటున్నా."

కాగితం బల్ల మీదే వదిలేసి వచ్చింది. నడవాలో నాతో, "నాకు భయమేసినట్టు కనబడిందా?" అని అడిగింది. కనబడింది. లేదన్నాను.

ఆ తర్వాత ఆమె ఒంటరిగా పోట్లాడటం మానేసింది. ఒక మధ్యాహ్నం, రవూఫ్ భోజనానికి వెళ్ళగానే, కటింగ్ గదిలోకి అందరినీ పిలిచింది. అక్కడ ప్యాంటు కొలతలు గీసే కాగితం పెద్ద చుట్టలుగా ఉంటుంది. పొడుగాటి కటింగ్ బల్ల మీద కాగితం పరిచింది.

"ఎవరో ఒకరు పడుకోండి."

"వసీలా పడుకుంటుందిలే. కాగితం ఆదా," అంది ఎవరో వెనకనుంచి. నేనే పడుకున్నాను. నా చుట్టూ సుద్దతో గీత గీశారు. చక్కిలిగింతలు పెట్టి నవ్వించారు కూడా. లేచి చూస్తే కాగితం మీద ముఖం లేని ఆడమనిషి ఆకారం.

ముఫీదా సూదీ, ప్యాంటు జేబు మూలలకు వేసే ఎర్ర దారమూ తీసింది. "ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ ఒక కుట్టు వెయ్యండి. సుద్దయితే చెరిపేస్తారు. ఎన్ని చోట్ల ఉంటే అన్ని. ఎవరూ పేరు రాయొద్దు."

మొదట ఆమె వేసింది, మణికట్టు మీద, భుజం మీద. తర్వాత నేను, మెడ మీద, కుడిపిక్క మీద. ఆ తర్వాత వరస కట్టారు. నవ్వుకుంటూ మొదలుపెట్టారు. ఇరవై మంది అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. కుడిభుజం దగ్గర కాగితం కనబడకుండా పోయింది. నడుం దగ్గర సూది గుచ్చడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అక్కడక్కడ కాగితం చిరిగింది.

అందరికన్నా వెనక రెబ్హా నిలబడి ఉంది. మాలో అందరికన్నా పెద్దది. నొప్పి అన్నవాళ్ళనల్లా, "మా కాలంలో బిడ్డని కని మూడోరోజు పనికొచ్చాం, మీరు గాలికి ఎగిరిపోయేలా ఉన్నారు," అని వెక్కిరించేది. ఆమె వంతు వచ్చింది. వెయ్యదనుకున్నాం. సూది తీసుకుంది. ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఎక్కడా తొందర లేకుండా ఏడు కుట్లు వేసింది. దారం కొరికి తెంపింది.

"ఇదివరకు ఎవరూ అడగలేదు," అంది.

భుజానికి నలభై నాలుగు, నడుముకి యాభై, మెడకి ముప్పై తొమ్మిది, మణికట్టుకి ముప్పై ఒకటి. ముఫీదా లెక్కపెట్టి అంచున పెన్సిల్‌తో రాసింది. తర్వాత కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, సరాసరి యజమాని గదికి నడిచింది. మేం ఆరుగురం వెంట వెళ్ళాం.

లుత్ఫీగారు కాఫీ తాగుతున్నాడు. ఆయన దర్జీ కొడుకు. పదమూడో ఏట మిషన్ తొక్కడం మొదలుపెట్టి ఇంతవాడినయ్యానని ప్రతి పండగకీ మాకు చెప్పేవాడు. ముఫీదా ఆ కాగితాన్ని ఆయన బల్ల మీద, కాఫీ కప్పు మీదుగా పరిచేసింది.

"ఏంటిది?" అన్నాడు.

"మీ హాలు, సీ లుత్ఫీ."

ఆయన కప్పు పక్కకు తీసి, చాలాసేపు చూశాడు. భుజం మీద ఆ ఎర్రటి గడ్డను వేలితో తడిమాడు. ఏమనుకున్నాడో తెలీదు. కళ్ళెత్తేసరికి మాత్రం ముఖం మూసుకుపోయింది.

"మీ అమ్మలు ఆలివ్ తోటల్లో ఒంగి ఏరలేదా? ఒళ్ళు నొప్పి లేని పని ఎక్కడైనా ఉందా? నేను కుట్టలేదా? మా నాన్న గదిలో కిటికీ కూడా లేదు."

"మీ నాన్న కుర్చీ మీకు తగినట్టు ఉండేదా?" అని అడిగింది ముఫీదా.

"మా నాన్నే నా కోసం ఓ పీట చేశాడు," అని ఆగిపోయాడు.

"చేశాడుగా మరి," అంది ఆమె. "ఒక్క గంట నా స్టూలు మీద కూర్చోండి. బల్ల రవూఫ్ దింపిన ఎత్తులోనే ఉంచుతా. నా జేబులు కుట్టండి. గంట తర్వాత ఇది మామూలు నొప్పే అని మీరు అందరి ముందూ చెప్తే, హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టేస్తా."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాం. వచ్చింది కూడా. కానీ ఆయన గొప్పంతా ఆ కుట్టులోనే ఉంది కదా. కోటు తీసి కుర్చీకి తగిలించాడు.

"గంటేం ఖర్మ, రెండు గంటలు కుడతా పద."

హాలులో మిషన్లు ఒక్కటొక్కటిగా ఆగాయి. "మీరు కానివ్వండి, ఏం చూస్తున్నారు?" అని రవూఫ్ అరిచాడు. ఎవరూ కానివ్వలేదు. లుత్ఫీగారు ముఫీదా స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనా పొడుగే. మోకాళ్ళు బల్లకు కొట్టుకున్నాయి. కానీ చెయ్యి మర్చిపోలేదు. మొదటి జేబు ఎంత నేర్పుగా కుట్టాడంటే, రెబ్హా కూడా తల ఊపింది. నేను పక్క కుట్టు వెయ్యడానికి తీసుకుంటే, మూలలు నిక్కచ్చిగా ఉన్నాయి. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. గట్టిబట్ట నాలుగు పొరలు కలిసేచోట రెండు చేతులతో నొక్కి తొయ్యాలి. అక్కడ ఆయన భుజం లేవడం మొదలైంది.

"టైం చూడు రవూఫ్. మాకు చూస్తావుగా, ఆయనకూ చూడు," అంది ముఫీదా.

రవూఫ్ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక నొక్కాడు. ముప్పయ్యో నిమిషంలో లుత్ఫీగారు మెడ ఒకసారి పక్కకు విరిచాడు. ముప్పై ఐదులో కుడిచెయ్యి విదిలించాడు. అచ్చం మేం విదిలించినట్టే. హాలులో ఎవరూ నవ్వలేదు. అది చూసి నవ్వడానికి మాలో ఎవరికీ మనసు రాలేదు. అందరం మా మా చేతుల వంక చూసుకున్నాం.

నలభై ఒకటో నిమిషంలో ఆయన లేచాడు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఫోన్ వస్తోంది," అన్నాడు. ఫోన్ ఆయన కోటులో ఉంది, కోటు గదిలో ఉంది.

"ఇంకా పంతొమ్మిది నిమిషాలున్నాయి," అంది ముఫీదా మెల్లగా.

ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ వారం ఏమీ జరగలేదు. ఓడిపోయిన మనిషి ఒప్పుకుంటాడని మేం అనుకోవడమే తప్పు. తర్వాతి గురువారం ముఫీదాకు రెండో కాగితం వచ్చింది. పని ఆపించినందుకు, తోటివాళ్ళను రెచ్చగొట్టినందుకు మూడు రోజులు రావొద్దని. దాని మీదా సంతకం పెట్టలేదు. చెప్పులు వేసుకుని, తన కత్తెర సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గేటు దాటేముందు నావైపు ఒక్కసారి చూసింది. పానా ఆమె సంచిలో లేదు. నా బల్ల కింద, బట్ట ముక్కల్లో వదిలేసి వెళ్ళింది.

నేను ధైర్యవంతురాలిని కాను. అది దాచుకోను. ఆ సాయంత్రం బస్సులో పానా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన రెబ్హా వచ్చి కూర్చుంది. ఒళ్ళోకి చూసింది.

"మా ఆయన దగ్గర రెండున్నాయి," అంది. "మోటారు బండివి. సరిపోతాయంటావా?"

"పద్నాలుగో నంబరు కావాలి."

"అడుగుతా ఉండు," అని బస్సులో వెనక్కి తిరిగి అందరినీ అడిగింది.

శనివారం ఉదయం గేటు దగ్గర మా సంచులు బరువుగా ఉన్నాయి. ఒకరు మొగుడిది తెచ్చారు, ఒకరు పక్కింటివాళ్ళది, ఒకరు అన్న గ్యారేజీ నుంచి ఏకంగా అరడజను తెచ్చారు. పని గంట మోగింది. ఎవరూ మిషన్ ముట్టుకోలేదు. అందరం నేల మీద కూర్చుని బోల్టులు తిప్పడం మొదలుపెట్టాం. హమ్మాది బాబాయ్ చెప్పినట్టే తాళ్ళు తెచ్చుకున్నాం. పక్కవాళ్ళ మోచెయ్యి మనం కొలవాలి, మన మోచెయ్యి పక్కవాళ్ళు కొలవాలి. "భుజం వదులు, నేనేం కొట్టనులే," అంటూ ఒకరికొకరు చెప్పుకున్నాం. పొట్టివాళ్ళం కాళ్ళకింద పాత పలకలు పెట్టుకున్నాం. పెడల్ ముందుకు లాక్కున్నాం. నా బల్ల నేను కిందికి దించుకుంటుంటే ఒక బోల్టు రాలేదు. రెబ్హా వచ్చి పానా మీద కాలు వేసి తొక్కింది. కదిలింది.

రవూఫ్ గుమ్మంలో నిలబడిపోయాడు. "ఏం చేస్తున్నారు? ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. మెకానిక్‌ను పిలిచి అన్నీ దింపమన్నాడు. మెకానిక్ హాలంతా ఒకసారి చూశాడు.

"అరవై రెండు బల్లలు, సీ రవూఫ్. బల్లకి నాలుగు బోల్టులు. నాకూ నడుముంది," అని బయటికి వెళ్ళి సిగరెట్ వెలిగించాడు.

అరగంటలో అందరం కుట్టడం మొదలుపెట్టాం. బల్లలు ఎగుడుదిగుడుగా, పిల్లల పళ్ళలా ఉన్నాయి. తొమ్మిదింటికి లుత్ఫీగారు వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. వరసల మధ్యనుంచి ఆ చివరిదాకా నడిచాడు. ఖాళీగా ఉన్న ముఫీదా బల్ల దగ్గర నిలబడ్డాడు. దాన్ని మేం ముందే ఆమె ఎత్తుకు లేపి ఉంచాం. ఆయన బల్ల అంచు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. రవూఫ్‌తో, "మధ్యాహ్నం దాకా ఎన్ని కుట్టారో నాకు చెప్పు," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

రోజూ కంటే తక్కువ కుట్టలేదు. కొంచెం ఎక్కువే కుట్టాం. అది కావాలని చేశామో, చెయ్యి తేలికై జరిగిందో నేను చెప్పలేను. రెండూ అయ్యుంటాయి.

మూడు రోజులు అయ్యాక ముఫీదా తిరిగి వచ్చింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. హాలులోకి అడుగుపెట్టి, బల్లలు చూసి, గోడకు ఆనుకుంది. ఆమె ఏడవడం నేను చూడలేదు అని చెప్పమని నాతో ఒట్టు వేయించుకుంది. అందుకని, నేను చూడలేదు.

బల్లలను మళ్ళీ ఎవరూ దింపలేదు. అనుమతి ఇస్తున్నట్టు కాగితమూ రాలేదు. ఎత్తు తగ్గించి పెంచుకునే స్టూళ్ళు శీతాకాలానికి వచ్చాయి, అవీ సగం మందికే. మిగతావాళ్ళకు ఏడాదిన్నర పట్టింది. రెండు గంటలకోసారి పది నిమిషాలు లేచి తిరగనివ్వమని అడిగాం. అది ఇప్పటికీ రాలేదు. ఇప్పటికీ అడుగుతున్నాం.

ముఫీదా చేతికి మాత్రం ఆలస్యమైపోయింది. మొనాస్తీర్‌లో పెద్దాసుపత్రిలో మణికట్టుకు ఆపరేషన్ చేశారు. తిమ్మిరి చాలావరకు పోయింది, బలం తిరిగి రాలేదు. ఇది పనివల్ల వచ్చిన జబ్బు కాదు, ఇంట్లో బట్టలుతకడం వల్ల వచ్చిందని బీమా ఆఫీసువాళ్ళు రాసి పంపారు. ఆమె ఆ ఎర్ర కుట్ల కాగితం పట్టుకుని వెళ్ళింది. "ముప్పై ఒక్కరం ఒకేలా ఉతుకుతామా?" అని అడిగింది. నాలుగుసార్లు తిప్పి పంపారు. ఐదోసారి ఒక ఆడ డాక్టరు కాగితం పూర్తిగా విప్పి చూసి, ఫ్యాక్టరీకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కొలతలు రాసుకుని వెళ్ళింది. రెండేళ్ళకు ఒప్పుకున్నారు.

బరువు పని చెయ్యకూడదని డాక్టరు రాసిచ్చాక, లుత్ఫీగారు, "ఇక్కడ తేలిక పని లేదమ్మా," అన్నాడు.

"ఉంది," అంది ముఫీదా. "కొత్తగా చేరినవాళ్ళకి బల్ల సరిచేసే పని. చెయ్యడానికి మనిషే లేడు మీ దగ్గర."

"అదొక ఉద్యోగమా?"

"కాదంటే కూర్చుని ఇంకో నలభై నిమిషాలు కుట్టండి."

ఆయన నవ్వేశాడు. ఆ నవ్వు నేను విన్నాను. ఉద్యోగం ఇస్తానని మాత్రం అనలేదు. ఆమె మర్నాడు వచ్చి, జేబులో పానాతో హాలంతా తిరగడం మొదలుపెట్టింది. నెలాఖరుకు రవూఫ్ పనివాళ్ళ పట్టికలో ఆమె పేరు పక్కన ఏం రాయాలో తెలియక 'కొలతలు' అని రాశాడు. అదే ఉండిపోయింది.

మొన్న మంగళవారం ఒకావిడ కొత్తగా చేరింది. మూతపడ్డ వేరే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, యాభై దాటుంటాయి. నా పక్క మిషన్ ఇచ్చారు. వచ్చీ రాగానే వీపు వంచి, కుట్టడం మొదలుపెట్టేసింది. ముఫీదా వచ్చి మిషన్ స్విచ్ ఆపేసింది.

"ఏంటమ్మా, తప్పు కుట్టానా?" అంది ఆవిడ భయంగా.

"కుట్టు బాగుంది. నువ్వే బాగా కూర్చోలేదు."

"పద్నాలుగేళ్ళు ఇలాగే కుట్టానమ్మా. ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ? వదిలెయ్."

"వదలను," అంది ముఫీదా. తాడు తీసి నేల మీద కూర్చుంది. "చెయ్యి వంచు. అలా కాదు, భుజం కిందికి. ఇంకా. ఇప్పుడు చెప్పు, ఎక్కడ నొప్పి?"

ఆవిడ నావైపు చూసింది. చెప్పమన్నట్టు తల ఊపాను. ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.